ముల్లు పడిపోయే మలుపు

మతిమరుపు జబ్బు వచ్చి మా నాన్న నన్ను మర్చిపోయాడు, తమ్ముణ్ణి మర్చిపోయాడు. తన చేత్తో కట్టిన ఈ కారు ఇంజన్‌ని మాత్రం మర్చిపోలేదు. ఒళ్ళు మండదూ మరి? కన్నపిల్లలం గుర్తులేం గానీ, ఓ ఇనప ముద్ద గుర్తుందట! అయినా దాన్ని తిట్టలేను. అది మోగుతున్నంతసేపు మా నాన్న మా నాన్నలాగే ఉంటాడు. "అమ్మాయ్, ఆ ఐడిలింగ్ కాస్త తగ్గించవే" అంటాడు. ఆపేశామా, "మీరెవరండీ?" అంటాడు. ఆ ఇంజన్‌కి ఏమీ కాకూడదన్నదే నా ఏడుపంతా.

తమ్ముడు ఆ కారుని రేస్ ట్రాక్ మీద తోలతాడు. అక్కడ కుడివైపుకి తిరిగే పొడుగాటి మలుపు ఒకటుంది, మా కొంప ముంచేది అదే. ఆ వేగంలో కారు తిరుగుతుంటే ఇంజన్ అడుగున తొట్టిలో ఉన్న ఆయిలంతా ఎడమ గోడకి ఎగబాకుతుంది. ఆయిల్ పీల్చుకునే గొట్టానికి గాలి దొరుకుతుంది. మీటర్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతుంది. బేరింగులు ఎండి అరిగిపోతాయి. కిందటిసారి తమ్ముడు ముల్లు చూసి వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు కాబట్టి బతికిపోయాం. అది విన్నప్పటినుంచీ నాన్నకి ఒకటే బెంగ, "పాపం, దానికి ఆయిల్ చాలట్లేదే" అని.

తొట్టి విప్పి గొట్టం చుట్టూ అడ్డు రేకులు బిగించాను, లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులతో. వచ్చిన ఆయిల్ ఇక బయటికి పోదు. వేళ్ళు తెగాయి, నడుం పడిపోయింది. గీత దాకా ఆయిల్ పోసి, "ఇంక చుక్క ఎక్కువొద్దురా. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ దాన్ని కవ్వంలా చిలికేస్తుంది. నురగొస్తే సగం గాలే" అని తమ్ముడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని తలూపాడు.

హెల్మెట్ తనిఖీకి తమ్ముడూ నేనూ వెళ్ళొచ్చేసరికి నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఊరికే కూర్చున్నా తుడుచుకునే మనిషే కదా అని పట్టించుకోలేదు.

కారు ట్రాక్ మీదికి వెళ్ళి ఎంతోసేపు కాలేదు, టకటకమంటూ తిరిగొచ్చేసింది.

"అక్కా, మలుపు దాకా కూడా పోలేదే, ముల్లు ఊగిపోయింది. ఆపెయ్యనా?"

ఆ టకటక వింటేనే తెలుస్తోంది, ఆపితే మళ్ళీ మోగదు. అటు చూస్తే నాన్న ఖాళీ చేసిన కుర్చీ కింద రెండు ఖాళీ ఆయిల్ డబ్బాలు. ఒకటి పోశాడు, పోసిన సంగతి మర్చిపోయి రెండోదీ పోశాడు. నా మీద లేని బెంగ దాని మీద పెట్టుకున్నాడు దేవుడా!

నాన్న అప్పటికే బానెట్ మీద చెయ్యేసి వింటున్నాడు. "అమ్మాయ్, బేరింగు పోయిందే! ఆయిల్ ఎక్కువ పోశారు. ఎవడే ఆ వెధవ?"

తమ్ముడు డబ్బాల వైపు చూసి నోరు తెరిచాడు.

"నేనే నాన్నా" అని, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాను.

ఇంజన్ ఆగింది. తిట్టబోయిన నాన్న ఆగిపోయాడు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపం పోయింది, దాంతోపాటే నేనూ పోయాను.

"పోనీలెండి, ఏడవకండి" అన్నాడు మర్యాదగా. "మీకు తెలియని పని. మా అమ్మాయి ఉంటే ఇలా జరగనిచ్చేది కాదు."