ఇంకొక్క ఉండ

పాకం అంచుల దగ్గర పొంగి, మధ్యలో కుతకుతమంటోంది. హనోకు గరిటె కొసతో కాస్త పాకం తీసి పక్కనున్న చన్నీళ్ల ముంతలో వేశాడు. వేళ్లతో నలిపి చూశాడు. ఉండ కట్టింది కానీ ఇంకా మెత్తగానే ఉంది. పెనం దించడానికి ఇంకొంచెం ఆగాలి. ఆ ఉండను నోట్లో వేసుకున్నాడు. వెంటనే మరికాస్త పాకం తీశాడు. ఈసారి నలిపి చూడలేదు. నీళ్లలోంచి తీసి అలాగే నోట్లో వేసుకున్నాడు.

పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తున్న సన్యాసిరావు తలెత్తి చూశాడు. మళ్లీ పిప్పి ఎగదోశాడు.

కశింకోట పక్కనున్న ఆ బెల్లం గానుగలో హనోకు పాకం పట్టడం మొదలుపెట్టి ఇరవై యేళ్లు దాటింది. పొడుగాటి మనిషి. మోచేతుల దాకా పాకం చుక్కలు పడి కాలిన మచ్చలు. పొద్దస్తమానం ఆ ఆవిరిలో నిలబడేవాడికి తీపి సయించదు. మధ్యాహ్నం గంజన్నంలోకి ఎండుచేప, పచ్చిమిరపకాయ ఉంటే చాలు. పెళ్లి భోజనాల్లో పాయసం గ్లాసు భార్య పుష్పకుమారి వైపు జరిపేసేవాడు.

నిరుడు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు గరిటె తొణికి సన్యాసిరావు భుజం కాలింది. గానుగ యజమాని కోప్పడలేదు. మర్నాటినుంచి హనోకును పిప్పి ఎండబెట్టే పనిలో పెట్టాడు, అంతే. ఆ రోజుల్లో హనోకు ఎక్కడ కూర్చున్నా కుడిచేతిని తొడ కింద నొక్కిపెట్టుకునేవాడు.

అనకాపల్లికి వారానికోసారి వచ్చే నరాల డాక్టరు మాత్ర రాసిచ్చాడు. నెల తిరక్కుండానే వణుకు ఆగి చెయ్యి నిలబడింది. క్రిస్మస్ నాడు చర్చిలో ప్రభుభోజనం గిన్నెను రెండో చెయ్యి సాయం లేకుండా అందుకున్నాడు. అది చూసి పుష్పకుమారి ముసుగు మొహం మీదికి లాక్కుని ఏడ్చింది. కొత్త సంవత్సరం, రెండువేల ఆరు, అతను మళ్లీ పెనం దగ్గరే మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఈ తీపి పిచ్చి పట్టుకుంది. ముందు టీలో ఇంకో చెంచా పంచదార. తర్వాత డబ్బాలోంచి గుప్పెళ్లతో. చుట్టాలు తెచ్చిన మాడుగుల హల్వా ఒక్కపూటలో తినేసి, అడుగున అంటిన నెయ్యి కాగితాన్ని కూడా నాకాడు. పుష్పకుమారిని భయపెట్టింది తిండి కాదు, తినేటప్పటి మొహం. అందులో సంతోషం ఉండేది కాదు. చిల్లు పడిన పడవలోంచి నీళ్లు తోడేవాడి మొహంలా ఉండేది.

ఆ రోజు మొదటి పెనం దించి, పొద్దెక్కాక షేర్ ఆటోలో ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. రక్తపరీక్షకు ఇచ్చి కూర్చున్నారు. చెప్పిందంతా విని డాక్టరు ఒకే మాట అడిగాడు.

"తింటుంటే బాగుంటుందా?"

హనోకు తల అడ్డంగా ఊపాడు. "నేదు బాబూ. బాగోదు. ఆగదు."

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇష్టం వేరు, కోరిక వేరు. మెదడులో ఆ రెండిటి దారులూ వేరు. మనిషి అడవుల్లో తిరిగిన రోజుల్లో తియ్యటి పండు దొరకడం కష్టం. దొరికినప్పుడు వదలకుండా తిన్నవాళ్లు బతికారు. మనం వాళ్ల సంతానం. అలా ముందుకు తోసే రసాయనం ఇప్పటికీ మన తలలో ఉంది. చేతిని నడిపేదీ అదే. మీకది తగ్గిపోయి వణుకు వచ్చింది. ఈ మాత్ర దాని పని చేస్తుంది. కొందరిలో చేతితో పాటు కోరికనీ తోస్తుంది. ఇలా జరుగుతుందని మాకూ ఈమధ్యనే తెలుస్తోంది."

"మాత్ర మానేత్తే?" అడిగాడు హనోకు.

"ఒక్కసారిగా మానకూడదు. మెల్లగా తగ్గిద్దాం. కానీ వణుకు మళ్లీ రావచ్చు."

అప్పుడే పరీక్ష చీటీ వచ్చింది. డాక్టరు చదివి, హనోకు మొహంలోకి వంగి చూశాడు. "షుగరు ప్రమాదంగా ఉంది. ఎగశ్వాస, ఊపిరిలో పండు వాసన మొదలైతే ప్రాణానికే ముప్పు. ఇవాళే విశాఖ ఆసుపత్రిలో చేర్చండి. ఆలస్యం చెయ్యకండి."

తిరుగు ఆటో ఎక్కారు. గానుగ దగ్గరికి రాగానే హనోకు దిగిపోయాడు.

"మావా, ఏటిది? ఇంటికెల్లి బట్టలు సర్దుకుని పోవాల," అంది పుష్పకుమారి.

"నువ్వెల్లి సర్దు. ఈలోపల రెండో పెనం దింపేత్తాను. ఆసుపత్రినుంచి వచ్చేక ఈ సెయ్యి ఇలాగుంటాదో, నేదో."

ఆమె ఆ చేతిని చూసింది. కదలకుండా ఉంది. కాదనలేకపోయింది. కానీ వదిలి వెళ్లనూ లేకపోయింది. కంచె మీద పాకిన పొడపత్రి తీగ నుంచి నాలుగు ఆకులు తెంపి అతని నోట్లో పెట్టింది. చేపలమ్మే మరిడమ్మ చెప్పిన చిట్కా అది. నమిలితే నాలుక మీద తీపి చచ్చిపోతుందట.

హనోకు నమిలి ఊసి, బెల్లం ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు పెద్దవి చేశాడు. "ఇసకే! ఉత్త ఇసకలాగుంది!" అని నవ్వాడు. అతను నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వు చూసి ఆమె నమ్మింది. రుచే లేకపోతే ఇంకేం తింటాడు అనుకుంది. గబగబా ఇంటిదారి పట్టింది.

పాకం దగ్గరపడింది. హనోకు ఉండ కట్టి చూశాడు. నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి తీశాడు. మధ్యలో ముంతెడు నీళ్లు తాగాడు, ఆ వెంటనే మరో ముంతెడు.

"తియ్యగుందా బావా?" సన్యాసిరావు ఉండబట్టలేక అడిగాడు.

"నేదు. ఇసకే."

"మరెందుకు తింతన్నావు?"

హనోకు చేతిని తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చూసినట్టు. "నాను వద్దంతన్నాను. ఇది ఎల్తంది," అన్నాడు మెల్లగా.

అయినా పని చెడలేదు. పెనం సరైన పదునులో దించాడు. పాకం తిరగతోడి, బెల్లం దిమ్మలు ఒక్కొక్కటీ నున్నగా కట్టాడు. చివరి దిమ్మ కట్టేసరికి ఎగశ్వాసగా ఉంది. దగ్గరికి వచ్చిన సన్యాసిరావుకు అతని ఊపిరిలో మగ్గిన పండు వాసన తగిలింది.

"కూకుంతాను కాసేపు," అని హనోకు ఆ దిమ్మను ఒళ్లో పెట్టుకుని పిప్పి కుప్పకు చేరగిలబడ్డాడు. సన్యాసిరావు పొయ్యి ఆర్పే పనిలో పడ్డాడు.

పొద్దు వాలుతుండగా పుష్పకుమారి ఆటో పిలుచుకుని సంచీతో వచ్చింది. పడుకున్నాడనుకుంది. "లెగు మావా, ఆటో ఉంది," అంటూ కుడిచెయ్యి పట్టుకుంది. అది చల్లగా ఆమె చేతిలోంచి జారిపోయింది. ఆమె రెండోసారి పిలవలేదు. అక్కడే కూలబడి, ఆ చేతిని మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

మర్నాడు మిగిలిన దిమ్మలన్నీ అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు వెళ్లాయి. హనోకు ఒళ్లో ఉన్న ఒక్కదాన్ని మాత్రం ఎవరూ బండెక్కించలేదు, పారెయ్యనూ లేదు. ఒక మూలంతా పళ్ల గాట్లు పడిన ఆ దిమ్మ గోడ మీద ఎండలో ఉండిపోయింది, గాట్లలోకి చీమలు బారు కట్టి పోతున్నాయి.