త్రివేణి గాజుల విద్య

లోకనాథ్ హోసూరులో ఫ్యాక్టరీ పనివాడు. శని, ఆదివారాలు మాత్రం బైపాస్ పక్కనున్న హోటల్లో టేబుల్ టేబుల్‌కీ తిరిగి, తినేవాళ్ల కళ్లెదుటే పేకముక్కలతో, నాణేలతో మ్యాజిక్ చేస్తాడు. అతని చేతులను ఇంట్లో చూసి చూసి భార్య త్రివేణికీ ఆ విద్య పట్టుబడింది. అతనే నవ్వుతూ నాలుగు కిటుకులు చెప్పాడు. అయిదోది ఆమె సొంతంగా కనిపెట్టింది. అతని నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆమెను హోటల్‌కి తీసుకుపోయిన మొదటి వారమే పిల్లలున్న టేబుళ్లన్నీ "అక్క రావల్ల" అని పట్టుబట్టాయి. హాలు అవతల లేచిన చప్పట్లు వింటూ లోకనాథ్ చేతిలో ముక్కలు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ పూట అన్నం సయించలేదు.

మామిడి కాలంలో కృష్ణగిరిలోని ఒక మండీ యజమాని తన కోడలి సీమంతానికి ఇద్దరినీ పిలిపించాడు. లోకనాథ్ ఆటకు మగవాళ్లు మర్యాదకు చప్పట్లు కొట్టి మళ్లీ కాయల ధరల్లో పడ్డారు. ఆడవాళ్ల గదిలోంచి మాత్రం కేరింతలు. ఉండబట్టలేక గుమ్మం దాకా పోయి చూశాడు.

ఒకే తాడు రెండు కొసలనూ త్రివేణి తన మణికట్లకు కట్టించుకుంది. ఒక ఎర్రగాజును అందరి చేతికీ ఇచ్చి తిరిగి తీసుకుంది. వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు తిరిగేసరికి ముడులు చెక్కుచెదరలేదు, ఎర్రగాజు తాడు మధ్యన వేలాడుతోంది. అదే ఆట లోకనాథ్ చేస్తే అందరి కళ్లూ అతని పొడుగు చొక్కాచేతుల మీదే ఉంటాయి. సీమంతానికి వచ్చిన ఆడమనిషి చేతినిండా గాజులుంటే ఎవరు అనుమానిస్తారు? ఆ ఉపాయం తనకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

"అట్లాంటిదే ఇంకొకటి ముందే చేతికి ఏసుకోని వచ్చిందమ్మా," అన్నాడు గట్టిగా. "మీరు చూసింది చీర కుచ్చిళ్లలో ఉంటాది, తీయమనండి."

త్రివేణి తల వంచుకుని రెండో గాజు బయటికి తీసింది.

ఇంటి పెద్దావిడ పచ్చయమ్మ దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అబ్బ, ఎంత తెలివమ్మా నీకు! మాకూ నేర్పియ్యి తల్లీ," అంది. ఆడవాళ్లంతా త్రివేణి చుట్టూ మూగారు. గుమ్మంలో నిలబడ్డవాడిని ఎవరూ తలెత్తి చూడలేదు.

తిరుగు బస్సులో ఆమె అడిగింది. "ఎందుకట్ల జేసినావు?"

"ఓర్చుకోలేకపోయినాను."

"నీ పక్కన నిలబడల్లని నేర్చుకుంటిని. నన్ను పదిమందిలో దొంగను జేసినావు."

"తప్పయిపోయింది త్రివేణీ."

"సరే. ఇంకమీద నా ఆట నీకు చెప్పను," అని ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

అన్నట్టే చేసింది. తర్వాతి శనివారం హోటల్లో ఒకాయన ఉంగరం అడిగి తీసుకుని, గుప్పిట మూసి తెరిచింది. ఉంగరం లేదు. వంటగది నుంచి వచ్చిన పొంగిన పూరీని ఆయనే తుంచితే లోపల ఉంది. లోకనాథ్ కళ్లార్పకుండా చూశాడు గానీ ఏమీ అంతుపట్టలేదు.

"అది ఎట్ల జేసిందన్నా?" సర్వర్ సెల్వరాజ్ అతని చెవిలో అడిగాడు.

"నాకు తెలీదప్పా," అన్నాడు లోకనాథ్.