ఊఁ కొట్టని పరీక్ష

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లోవాళ్ళు, సుబేదారి నుంచి రోజూ నాతో బస్సులో వచ్చే టీచర్లు, ఆఖరికి కండక్టర్ కూడా ఆ మాటే అంటారు. అననివ్వండి. ఆ రోజు మాత్రం నా కోపంలో న్యాయం ఉంది.

నర్సంపేట దాటాక ఉంటుంది మా ప్రాథమిక పాఠశాల. నా నాలుగో తరగతి పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో చూడటానికి పక్క ఊరి బడి నుంచి రాంప్రసాద్ సార్ వచ్చాడు. మా పిల్లల్ని మేమే పరీక్షిస్తే జాలిపడతామని ఆ ఏర్పాటు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి, చేతికి కథ ఇచ్చి, ఫోన్‌లో నిమిషం పెట్టి చదివించాలి. పరీక్షించేవాళ్ళు నోరు మెదపకూడదు. చదివినవాళ్ళు కథల గుంపులోకి, చదవలేనివాళ్ళు అక్షరాల గుంపులోకి. అక్షరాల గుంపంటే రెండో తరగతి పిల్లల పక్కన కూర్చుని మళ్ళీ అ, ఆలు దిద్దడమే.

సాయంత్రం చూద్దును కదా, మా తిరుమల అక్షరాల గుంపులో ఉంది!

"సార్, ఈ పిల్ల నా క్లాసుల గడగడ చదువుతది. మీరేం పరీక్ష పెట్టిన్రు?" అని లేచాను.

"నన్నేం జేయమంటరు మేడం? ఒక్క వాక్యం చదివి ఆగింది. నా మొఖం చూసుకుంట కూసున్నది. టైమంత అయిపాయె," అన్నాడు రాంప్రసాద్ సార్.

ఆయన వెళ్ళిపోయాక తిరుమలను నేనే కూర్చోబెట్టాను. ఆ పద్ధతిలోనే, నోరు కుట్టేసుకుని. "ఒక అడవిలో ఒక కుందేలు ఉండేది," అని చదివింది. ఆగింది. నా ముఖంలోకి చూసింది. నేనూ చూశాను. ఇద్దరం బొమ్మల్లా కూర్చున్నాం.

"ఏమైందే నీకు? నోట్ల బెల్లం పెట్టుకున్నవా?" అని అరిచేశాను.

పిల్ల కళ్ళు నిండాయి. "రేపటి సంది బడికి రాను టీచర్. చిన్నపిల్లల కాడ కూసుంటె అందరు నవ్వుతరు. మా బాపమ్మతోని మిరపకాయ ఏరవోత."

ఆ మాట అన్న పిల్లలు ఉత్తినే బెదిరించరు, నిజంగానే మానేస్తారు. రాత్రి అన్నం సహించలేదు.

పొద్దున నేను వెళ్ళేసరికి తిరుమల చెయ్యి పట్టుకుని వాళ్ళ బాపమ్మ మొగిలమ్మ వరండాలో నిలబడి ఉంది. నన్ను మించిన కోపం ఆమెది. "టీచరమ్మా, నా మనుమరాలికి చదువు రాదన్నదెవలు? నా కండ్లకు పొర వచ్చినకాన్నుంచి రోజు మాపటీలి కథ చదివి వినిపిస్తాంది. రాంది ఎట్ల చదువుతాంది?"

"కోపం చెయ్యకు అమ్మా. కూసో. నా ముందట చదివిచ్చు," అన్నాను.

ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. పిల్ల అదే కథ తీసింది. "ఒక అడవిలో ఒక కుందేలు ఉండేది."

"ఊఁ," అంది మొగిలమ్మ.

"దానికి ఏ చప్పుడు విన్నా భయమే."

"ఊఁ."

ఇక చూడాలి, ఒక్క తడబాటు లేదు. మధ్యలో మొగిలమ్మ కొంగు సర్దుకుంటూ ఊఁ అనడం మరిచిపోయింది. పిల్ల టక్కున ఆగి బాపమ్మ ముఖంలోకి చూసింది. నిన్న నన్ను చూసినట్టే. "ఊఁ, కానియ్యి," అందామె. కథ మళ్ళీ కదిలింది.

ఓరి నాయనో! మన ఇళ్ళల్లో కథ చెప్తుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టొద్దూ? కొట్టకపోతే నిద్రపోయారనో, విసుగొచ్చిందనో లెక్క. కథ అక్కడే ఆపేస్తారు. క్లాసులో నేను అలవాటుగా "ఆఁ, చదువు" అంటూనే ఉంటాను కాబట్టి తిరుమల చదువుతూ పోయేది. పరీక్షలో మేమిద్దరం నోరు మూసుకున్నాం. పాపం, పిల్ల మా ఊఁ కోసం మర్యాదగా ఎదురుచూసింది.

వెంటనే ఫోన్ చేశాను. మధ్యాహ్నం బండి మీద వచ్చాడు రాంప్రసాద్ సార్.

"పిల్లకు సాయం చెయ్యొద్దని రూలున్నది మేడం."

"ఊఁ అంటె సాయమా సార్? అక్షరం అందిస్తమా, అర్థం చెప్తమా? వింటానమని చెప్పుడే కదా!"

గడ్డం గోక్కున్నాడు. "సరె. పాత కథ నోటికి వచ్చి ఉంటది. కొత్తది ఇస్త."

అది న్యాయమే. సరే అన్నాను.

కొత్త కథ మొసలిది. తిరుమల మొదటి వాక్యం చదివి ఆగింది. రాంప్రసాద్ సార్ గొంతు సవరించుకుని, బడిపంతులు మొదటిసారి పాట పాడినంత సిగ్గుతో, "ఊఁ," అన్నాడు. పిల్ల ముఖం విచ్చుకుంది. రెండో ఊఁ కాస్త బాగా వచ్చింది. నిమిషం అయిందని ఫోన్ మోగితే ఆయన దాన్ని చూడకుండానే నొక్కేసి, "ఊఁ, మరి మొసలి ఇడిసిపెట్టిందా?" అని ముందుకు వంగాడు. కథ చివరిదాకా చదివించి గానీ వదల్లేదు. కథల గుంపులో సుమయ్యా అనే పిల్ల జరిగి తిరుమలకు చోటిచ్చింది. నాకు పట్టలేనంత సంతోషమైంది.

కానీ ప్రతిచోటా ఊఁ కొట్టేవాళ్ళు దొరకరు కదా. ఆ మాటే తిరుమలకు చెప్పాను.

"గప్పుడెట్ల టీచర్?"

"మీ బాపమ్మ పక్కన్నే కూసోని ఊఁ అంటాందనుకో. చదువుకుంట పో."

ఏడాది చివర్లో పరీక్షకు ఎవరో కొత్త మేడం వచ్చింది. పెదవులు బిగించుకుని కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. తిరుమల ఒక వాక్యం చదివింది. ఆగింది. తనే మెల్లగా "ఊఁ" అనుకుని రెండో వాక్యం అందుకుంది. అలాగే చివరిదాకా.

మేడం ఆపుకోలేక అడిగేసింది. "మంచిగ చదివినవ్ గని, మధ్యమధ్యల ఆ ఊఁ ఏంది?"

"నేను కాదు మేడం, మా బాపమ్మ," అంది తిరుమల.