ఏమీ జరగని ఏడు

ఆ పల్లెను ఊరు అనడం మర్యాద కోసమే. ఈ చివర ఇంట్లో గిన్నె జారిపడితే ఆ చివర ఇంట్లోవాళ్లు "సొట్ట పడిందా?" అని కేకేసి అడుగుతారు. ఉన్నది ఒకే వీధి. అది కూడా ఎటు పోవాలో తోచనట్టు కాలువ గట్టు దగ్గర ఆగిపోయింది. అయినా ఆ పల్లెకు చరిత్ర ఉంది. ఉండటమే కాదు, దానికి పంపకాలు కూడా అయ్యాయి.

వెనకటికి అక్కడ అందరూ అన్నీ చెప్పేవాళ్లు. వరద మోకాలి దాకా వచ్చిందని ఒకరంటే, కాదు మెడ దాకా అని ఇంకొకరు. మోకాలివాళ్లు ఒక జట్టు, మెడవాళ్లు ఒక జట్టు. మాటా మాటా పెరిగి ఒకనాడు గరిటెలు లేచాయి. ఇలాగైతే కుదరదని పెద్దవాళ్లు ధాన్యం కొట్టులో కూర్చుని, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు, జరిగినవన్నీ ఇంటికొకటి చొప్పున పంచేశారు. వరద ఒకరికి, బావిలో పడ్డ పులి ఒకరికి, యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి ఒకరికి. ఆనాటి నుంచి ఎవరి వాటా వాళ్లే చెప్పాలి, పక్కవాళ్ల వాటా జోలికి పోకూడదు. దారినపోయే మనిషి ఎవరైనా ఆగి "ఈ బావి ఎప్పుడు తవ్వారండీ?" అని అడిగితే, "అది చెప్పేవాళ్లు పొలానికెళ్లారు, సాయంత్రం రండి" అంటారు. తెలియక కాదు, హక్కు లేక.

ఏటా కోతలయ్యాక ఒక మధ్యాహ్నం అందరూ ధాన్యం కొట్టులో చేరతారు. వరుసగా ఒక్కో ఇంటివాళ్లు లేచి తమ వాటా చెప్పి కూర్చుంటారు. తెలిసిన సంగతే అయినా మిగతావాళ్లు నోరు వెళ్లబెట్టి వినాలి. వింటారు కూడా.

ఈ వీధి మధ్యలో కిటికీ పక్కన మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడను అందరూ కొత్తకోడలు అంటారు. కూతురు బడికి వెళ్లే వయసొచ్చినా ఆమె కొత్తకోడలే. ఆమె తర్వాత ఆ పల్లెకు ఇంకో కోడలు రాలేదు మరి. భర్త కుట్టిన బట్టలు సైకిలు మీద తీసుకెళ్లి సంతలో ఇచ్చొస్తాడు. మంచివాడే కానీ నోట్లోంచి మాట రావాలంటే గొంతులో చెయ్యి పెట్టి లాగాలి. అందుకని అత్తగారికి పళ్లు ఊడి మాట తడబడటం మొదలయ్యాక, ఇంటి వాటా చెప్పే బాధ్యత కోడలి నెత్తిన పడింది.

ఆ వాటా ఏమిటంటే, ఏమీ జరగని ఏడు.

వరదకు ముందు ఏడు అది. పంపకాల రోజున ఈ ఇంటి పెద్దాయన, అంటే అత్తగారి మామగారు, గోడకు చేరబడి నిద్రపోయాడట. లేచేసరికి మంచివన్నీ అయిపోయి ఇదొక్కటి మిగిలిందట. అప్పటినుంచి వీళ్లది నిద్రమొహం ఇల్లు. కొత్తకోడలు ఏటా లేచి, "ఆ ఏడు వానలు పడాల్సినప్పుడు పడ్డాయి. పంట పండాల్సినంత పండింది. ఎవరికీ ఏమీ కాలేదు" అని చెప్పి కూర్చునేది. ఆ కాస్సేపట్లో జనం కాళ్లు చాపుకునేవాళ్లు, మంచినీళ్లు తాగేవాళ్లు, చంటిపిల్లల్ని బయటికి తిప్పుకొచ్చేవాళ్లు. ఆమెకు ఒళ్లు మండేది.

ఈసారి ఆ మంట ఇంట్లోకే వచ్చింది. పిల్లలు వీధిలో చరిత్ర ఆట ఆడుకుంటుంటే కూతురు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"ఒకడు పులి, ఒకడు వరద, ఒకతి పడవ. నన్ను మాత్రం గోడ పక్కన కదలకుండా నిలబడమన్నారు. నేను 'ఏమీ జరగని ఏడు' అంట!"

"ఎంతసేపు నిలబడ్డావే?"

"ఆట అయ్యేదాకా. మధ్యలో కదిలితే తప్పు పట్టారు."

కొత్తకోడలికి తల కొట్టేసినట్టయింది. తను పెళ్లయి వచ్చింది కాబట్టి సరే, ఈ పిల్ల పుట్టుకతోనే ఈ ఖాళీని నెత్తిన పెట్టుకుని బతకాలా? మిషను మీద ఉన్న చొక్కాను సగంలో వదిలేసి, తిన్నగా పులితాత దగ్గరికి నడిచింది.

పులితాత వడ్రంగి. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. బావిలో పడ్డ పులి ఆయన వాటా. ఏటా బల్ల ఎక్కి గాండ్రించి కిందికి దూకి చూపిస్తాడు. ఆమె వెళ్లేసరికి ఒక గుమ్మం చెక్కకు చిత్రిక పడుతున్నాడు.

"తాతా, మనం మార్చుకుందామా? నీ పులి నాకివ్వు. మా ఏడు నువ్వు తీసుకో."

చిత్రిక ఆగిపోయింది.

"ఆ ఏడు నాకిస్తావా?"

"ఇస్తాను. దాంట్లో ఏముంది గనక!"

"పులిని తీసుకో. బావి కూడా తీసుకో" అన్నాడాయన వెంటనే. "నాకు మోకాళ్లు నొప్పులమ్మా. ఇంకా ఎన్నాళ్లు దూకను? ఏమీ జరగలేదని చెప్పి హాయిగా కూర్చుంటాను." నున్నగా ఉన్న చెక్కనే మళ్లీ మళ్లీ చేత్తో తడుముతున్నాడు. పాపం, నిజంగానే నొప్పులు ఎక్కువయ్యాయనుకుంది ఆమె.

ఆ పల్లెలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఆమె ఇల్లు చేరకముందే కబురు కాలువ గట్టు దాకా వెళ్లొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సరుకుల కొట్టు నడిపే ఆయన వచ్చాడు. చేతిలో చొక్కా.

"గుండీ ఊడిందమ్మా."

ఊడలేదు. పీకాడు. దారం ఇంకా వేలాడుతోంది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "పులితాతకు ఆ ఏడు ఇవ్వకమ్మా. ఆయన చెప్పడం మొదలుపెడితే కలుపుతాడు. ఆ పులికి మొదట్లో అంత తోక లేదు."

"ఏమీ జరగని దాంట్లో కలపడానికేముంది బాబాయ్?"

ఆయన వేలాడుతున్న దారాన్ని తెంపాడు. "మా నాన్న యుద్ధానికెళ్లాడు కదా."

"అది మీ వాటాయేగా. ఏటా వింటున్నాంగా."

"వెళ్లలేదు. ఆ ఏడంతా మా అటక మీద గుమ్మడికాయల వెనక ఉన్నాడు."

"ఎవరూ చూడలేదా?"

"చూడకేం, ఊరంతా చూసింది. రోజూ స్నానానికి దిగేవాడు కదా! మీ పెద్దాయనే అటకెక్కి కొలతలు తీసుకుని సైనికుడి చొక్కా కుట్టిపెట్టాడు. ఆ చొక్కా వేసుకునే మా నాన్న తిరిగొచ్చాడు."

ఆయన అటు వెళ్లగానే వరదింటి పెద్దమ్మ దుప్పటి తెచ్చింది. కొత్తకోడలు ఎంత వెతికినా చిరుగు కనబడలేదు. "ఎక్కడ పెద్దమ్మా?" అంటే, "ఇక్కడే" అని ఆవిడ అప్పటికప్పుడు పర్రున చింపి చూపించింది.

"వరద మరుసటేడు వచ్చిందనుకో. కాలువ గట్టుకు గండి కొట్టింది మాత్రం ఆ ఏడే. మా మామగారే. మా పొలానికి నీళ్లందక."

"మరి పడవేసుకుని ఊరందరినీ కాపాడింది..."

"కాపాడాం. కాదన్నానా? పడవ ముందే చేయించి పెట్టుకున్నాం."

ఆ తర్వాత వరస కట్టారు. కొందరు చిరిగినవి తెచ్చారు, కొందరు తెచ్చి చింపారు. కమ్మరి వీధి గుమ్మంలోంచి, కమ్మరి భార్య పెరటి గుమ్మంలోంచి ఒకేసారి లోపలికొచ్చి, ఒకరినొకరు చూసుకుని, "సూది కావాలి", "సూది కావాలి" అని చెరో సూదీ పట్టుకుని వెళ్లిపోయి, మళ్లీ ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి ఆ ఏటి తమ గొడవ చెప్పుకున్నారు. మిగిలిన ఏళ్లలో ఒక్కొక్కటే జరిగింది. ఈ ఏడులో మాత్రం ఊరు ఊరంతా జరిగింది.

కొత్తకోడలికి జాలి కలగలేదు. కోపం వచ్చింది. వీళ్ల చెత్తంతా మోస్తున్నది మా ఇల్లు, ఎగతాళి కూడా మా ఇంటికేనా? అటక మీద దాక్కున్నవాడి మునిమనవడు వెళ్లి నా కూతుర్ని గోడ పక్కన నిలబెడతాడా? రేపే ఆ ఏడు తాతకు ముట్టజెప్పేస్తాను, ఏమైనా కలుపుకోనీ అనుకుని, దుప్పటి చిరుగును కసికొద్దీ కుట్టసాగింది.

అత్తగారు వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. కింద పడ్డ దారప్పోగులు ఏరసాగింది.

"మీ గుండీ కూడా ఊడిందా అత్తయ్యా?" అంది కోడలు వెటకారంగా.

"ఊడింది" అందావిడ. "నేను కాపురానికొచ్చిన ఏడే అది. నీ మామకు అప్పుడు నేనంటే గిట్టేది కాదు. ఒకరోజు మూట కట్టుకుని కాలువ వంతెన దగ్గరికి వెళ్లిపోయాను. అక్కడ నాకోసం ఒక మనిషి నిలబడి ఉన్నాడు."

మిషను ఆగిపోయింది.

"ఎవరత్తయ్యా?"

"మీ పులితాతే. అప్పటికి పులీ లేదు, తాతా కాదు." ఆవిడ పోగుల్ని ఉండలా చుట్టింది. "పెద్దాయన నా వెనకే వచ్చారు. కొడతారనుకున్నాను. 'రామ్మా, అన్నం చల్లారిపోతోంది' అన్నారు. అంతే. మూట ఆయనే మోసుకొచ్చారు. దారిలో అందరూ చూశారు. ఒక్కరూ నోరెత్తలేదు."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏముంది, కాపురం. నీ మామ కూడా మెల్లగా మనిషయ్యాడు. పంపకాల రోజు నేను అక్కడే ఉన్నానే. పెద్దాయన నిద్రపోలేదు. పెద్దరికం ఇచ్చి, మొదట ఆయన్నే కోరుకోమన్నారు. వరద కోరుకోవచ్చు, పులిని కోరుకోవచ్చు. 'ఆ ముందు ఏడు మా ఇంటికి రాయండి, దాంట్లో ఏమీ జరగలేదు' అన్నారు. ఎవరైనా ఎగతాళి చేస్తే నిద్రపోయానని ఆయనే చెప్పుకునేవారు. చనిపోయేదాకా నవ్వులపాలయ్యారు నాకోసం."

కొత్తకోడలి కళ్లు చెమర్చాయి. నిద్రమొహం ఇల్లు అన్నందుకు తను ఎన్నిసార్లు ఆ పెద్దాయన్ను మనసులో తిట్టుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పుడు ఇంకోటి కూడా తట్టింది. పులితాతకు నొప్పి మోకాళ్లలో కాదు. ఆయన బతుకులో ఏదైనా జరిగిందంటే ఆ ఏడే జరిగింది. అది పరాయివాళ్ల వాటాలో ఉండిపోయింది. దాని పేరెత్తే హక్కు కూడా ఆయనకు లేదు.

"ఇప్పుడేం చెయ్యమంటారత్తయ్యా?"

"బాగా చెప్పు. నేను ఎప్పుడూ భయంతో తొందరగా ముగించేశాను. ఏమీ జరగలేదని వివరంగా చెప్పు."

చెప్పుకునే రోజు ధాన్యం కొట్టు కిక్కిరిసింది. పులితాత ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని, పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నాడు. కొట్టు నడిపే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కొత్తకోడలు లేచింది. "మార్పిడి లేదు తాతా. మన్నించు" అంది. తాత పెదాలు ఆగిపోయాయి. తల దించుకున్నాడు.

"ఆ ఏడు" అని మొదలుపెట్టింది ఆమె, "ఏ అటక మీదా గుమ్మడికాయలు తప్ప ఇంకేమీ లేవు. ఎవరికీ భయం వెయ్యలేదు."

నీళ్లు తాగడానికి లేవబోయినవాళ్లు కూర్చుండిపోయారు.

"ఎవరూ గట్టుకు గండి కొట్టలేదు. పడవ చేస్తున్న చప్పుడు ఎవరికీ వినబడలేదు. కమ్మరింట్లో ఇద్దరి మధ్యా ఏ గొడవా జరగలేదు కాబట్టి ఇద్దరూ ఏడవలేదు." ఒక్కొక్క ఇంటినీ వరసగా చెప్పుకుంటూ పోయింది. తమ ఇంటి వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరూ ఊపిరి బిగబట్టి, అయిపోగానే వదిలారు. కమ్మరి భార్య కమ్మరి చెయ్యి పట్టుకుంది. కొత్తకోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ తల ఊపింది.

"ఆ ఏడు కాలువ వంతెన దగ్గర ఎవరూ ఎవరికోసమూ నిలబడలేదు. మూటతో ఎవరూ రాలేదు. వచ్చిన మనిషి వెనక్కి వెళ్లిపోతే, రెండో మనిషి అక్కడే పొద్దుగూకేదాకా నిలబడలేదు. ఆ మనిషి ఇంకెవరినీ చేసుకోకుండా ఉండిపోలేదు. ఎవరూ ఎవరినీ అంతగా కోరుకోలేదు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు, ఎవరూ గుర్తుపెట్టుకోలేదు."

పులితాత తలెత్తాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఒకరి నోటివెంట వినడం ఆయనకు అదే మొదటిసారి. ముసలాయన అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

"పెద్దాయన పంపకాల రోజున హాయిగా నిద్రపోయారు. ఇంతే. ఆ ఏడు ఏమీ జరగలేదు" అని ఆమె కూర్చుంది.

"జరగలేదు" అంది కొట్టంతా ఒక్క గొంతుతో.

తర్వాత పులితాత వంతు. మోకాళ్లు పట్టుకోకుండా బల్లెక్కి, కప్పు అదిరేలా గాండ్రించి, దూకాడు. చంటిపిల్లలు గుక్కపట్టారు. పులి బావిలో అంత బాగా ఎప్పుడూ పడలేదని ఈనాటికీ అంటారు, పులితాత దగ్గర లేనప్పుడు, చాటుగా.

ఇంటికొస్తూ కూతురు తల్లి కొంగు పట్టుకుంది. "అమ్మా, జరగనివన్నీ ఎలా గుర్తుపెట్టుకున్నావు? పిల్లలందరూ రేపు నన్నే చెప్పమంటున్నారు. నాకూ నేర్పవా?"

"నేర్పుతాను. అంతా నీదే కదా" అంది తల్లి.

వెనక నడుస్తున్న అత్తగారు ఆగింది. కాలువ వంతెన వైపు చూస్తూ, "ఒకటి వదిలేశావే" అంది.

"ఏంటత్తయ్యా?"

"ఆ రోజు వాన కూడా పడలేదు. మేమిద్దరం తడవలేదు."