రెండు చొక్కాలు

చొక్కా కాలరు రుద్దుతుంటే ఆమె చూపుడువేలు మళ్ళీ చిట్లింది. నురగ ఎర్రబడింది. వేలు నోట్లో పెట్టుకోబోయి, సబ్బుపొడి ఉందని గుర్తొచ్చి ఆగింది. పద్దెనిమిదేళ్ళుగా అదే పొడి. మారుద్దామని ఆమె అడగడం, "మా అమ్మ వాడిందే వాడతాం" అని మొగుడు కసరడం కూడా పద్దెనిమిదేళ్ళదే. "చేతులు పగలని కోడలు పని చేసినట్టా?" అనేది అత్తగారు బతికుండగా. ఆవిడ పోయింది, పొడి ఉండిపోయింది. తల్లి మీది ప్రేమంతా కొడుకు ఆ పొట్లంలో దాచుకున్నాడు. దాన్ని రోజూ నీళ్ళలో కలిపి చేతులు ముంచేది మాత్రం ఈమె.

ఒకరోజు ఆ పొడి కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఒకే సరుకును జనం ఏళ్ళ తరబడి ఎందుకు పట్టుకు వేలాడతారో కనుక్కోవడం ఆ పిల్ల ఉద్యోగం.

"మీరెందుకక్కా ఇదే కొంటారు?"

మొగుడు అందుకున్నాడు. "దానికేం తెలుసమ్మా, నన్నడుగు. ఆ వాసన తగిలితేనే నాకు ఉతికిన బట్ట. కళ్ళకు గంతలు కట్టినా చెప్పేస్తా."

ఆ మాట పట్టుకుని అమ్మాయి పేరు లేని పొట్లాలు రెండిచ్చింది. పది రోజులు నీలం పొట్లం, తర్వాత పది రోజులు పసుపు పొట్లం వాడాలి. ఒక్కోదాంతో ఉతికిన చొక్కా ఒకటి విడిగా దాచాలి. ఒకటి తమ కంపెనీది, ఒకటి వేరేది అంది గానీ ఏది తమదో చెప్పలేదు.

నీలం పొట్లం ఉన్నన్నాళ్ళూ వేళ్ళు ఎప్పట్లాగే పగిలాయి. పసుపుది విప్పిన అయిదో రోజున అన్నం కలుపుకుంటే చెయ్యి మండలేదు. ఆమె ముద్ద పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఎదురుగా మొగుడు, "ఇంకాస్త ఉప్పు తే" అన్నాడు.

అమ్మాయి మళ్ళీ వచ్చి రెండు చొక్కాలూ అతని ముందు పెట్టింది. నీలం పొట్లంతో ఉతికిన దాన్ని వాసన చూసి అతను విసిరేశాడు. "ఛీ, సున్నం కంపు." రెండోదాన్ని మొహానికి అదుముకున్నాడు. కళ్ళు తడిశాయి. "ఇదీ! మా అమ్మ కొంగు వాసన."

"సార్, అది మాది కాదు," అంది అమ్మాయి మెల్లగా. "మీరు విసిరేసింది మాది."

అతని మొహం నల్లబడింది. క్షణంలో పెళ్ళాం మీదికి తిరిగాడు. "పొట్లాలు తారుమారు చేశావు కదూ? ఒక్క పనైనా సరిగ్గా చేసి చచ్చావా ఎప్పుడైనా?"

తారుమారు కాలేదనడానికి సాక్ష్యం ఆమె పది వేళ్ళ మీదా ఉంది. అతను గుర్తు కూడా పట్టలేని వాసన కోసం పద్దెనిమిదేళ్ళుగా తన వేళ్ళ తోలు ఊడిపోతోంది! మామూలుగా అయితే, "పొరపాటైందేమోనండీ" అనేది.

అమ్మాయి ఇబ్బందిగా కాగితం తిప్పింది. "ఆఖరి ప్రశ్న. వచ్చే నెల ఏ పొడి కొంటారు?"

"పాతదే!" అరిచాడతను. "రాసుకో. మా ఇంట్లో మార్పుండదు."

కలం కదలబోతుంటే ఆమె కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనకు పాతదే రాయమ్మా. ఇవాళ్టి నుంచి ఆయన బట్టలు ఆయనే ఉతుక్కుంటారు. నాకు వేరే కాగితం తియ్యి."