కుక్క కాడున్న డాక్టరు

ఆ పొద్దుగాల మొగులు కనకమామిడి ఊరి మీద నల్లగ కమ్ముకొని ఉన్నది గాని చినుకు పడలె. గాలి ఆగిపోయింది. కొట్టంల బర్రె తీసే ఊపిరి వాకిట్లకు వినవస్తున్నది. మూడు దినాల సంది అది నెమరేస్తలేదు. ఎడమ డొక్క బండలెక్క బిగుసుకున్నది. వాము, ఇంగువ, మంచినూనె అన్నీ గొట్టంతోని తాపిండు అంజిలయ్య. ఏదీ పనిచేయలె.

"నెల తిరిగితే ఈనుడే," అన్నది ఆయన భార్య అంతమ్మ, దాని మెడ నిమురుకుంట. "నువ్వు నిలబడి సూస్తే నయమైతదా? పో, డాక్టరును తోలుకరా."

అంజిలయ్య నిన్న గూడ చేవెళ్ళ పోయి వట్టి చేతులతోని వచ్చిండు. పశువుల దవాఖాన తలుపు తీసే ఉన్నది, డాక్టరు సాముయేలు లేడు. ఇయ్యాల మొదటి బస్సుకు మళ్ళ పోయిండు. కంపౌండరు బీడీ ఆర్పి నవ్విండు.

"మీది కనకమామిడే గదనే? సారు మీ ఊర్లనే ఉన్నడు. మేయర్ సారు ఫారంహౌజుల, నిన్నటి సంది."

"గీ మాట నిన్న చెప్తె నీ నోరు అరుగుతుండెనా?"

"నిన్న నువ్వు అడగలె."

అంజిలయ్య మళ్ళ బస్సెక్కిండు.

మేయరంటే పట్నానికి మేయరు, ధనరాజ్. పట్నం పడమటి దిక్కు కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడలు లేచినంక ఇటుదిక్కు భూముల కోసం పెద్దోళ్ళు ఎగబడ్డరు. అప్పుడే ఆయన పన్నెండెకరాలు కొని చుట్టు గోడ కట్టిండు. పట్నాన్ని అద్దంలెక్క చేసిండని పేపర్లు రాస్తయి. ఇయ్యాల కంపెనీలోళ్ళు వచ్చి దానికే సన్మానం చేస్తున్నరు. గోడ పొంటి కార్లే కార్లు. గేటు కాడ వాచ్‌మన్ పాండు. నాలుగేండ్ల కింద, గేటున్న జాగలనే పాండు కంది వేసేటోడు.

"అన్నా, ఇప్పుడు లోపలికి పోనిస్తె నా కొలువు పోతది."

"మీ సారుతోని నాకు పనిలేదురా. డాక్టరును పిలువు."

"డాక్టరు కుక్క కాడున్నడు."

"కుక్కకేమొచ్చింది?"

"నిన్నటి సంది ముద్ద ముడుతలేదు. మేడం ఒక్కటే ఏడుపు."

"నా బర్రె మూడు దినాల సంది గడ్డి ముడుతలేదు. అంతమ్మ కండ్లల్ల నీళ్ళు లేవనుకున్నరా?"

అంతల ఓ పెద్ద కారు వస్తె గేటు తెరుచుకున్నది. అందులున్నోళ్ళను పలకరించనీకె ధనరాజే బయటికి వచ్చిండు. అంజిలయ్య కారుకు అడ్డం నిలబడి సంగతి చెప్పిండు. ధనరాజ్ నవ్వు చెక్కు చెదరలె.

"బర్రెనా? రేపు మా డాక్టరును పంపిస్త తియ్యి."

అంజిలయ్య పది మాటలకు ఒక్క మాట జవాబిచ్చే మనిషి. ఆ దినం ఆయన గొంతు ఆయనకే కొత్తగ వినవడ్డది.

"మీ డాక్టరెట్లయిండు సారూ? ఆయనకు జీతం మీరిస్తున్నరా? ఇన్ని ఊర్ల గొడ్డుగోదకు ఆయనొక్కడే దిక్కు. ఆ ఒక్కణ్ణి తెచ్చి రెండు దినాల సంది కుక్క కాడ కూసోబెట్టుకున్నరు. పట్నంల మీరేం చేసిండ్రో నాకు తెల్వది. ఈడ మాత్రం మా నోరులేని జీవాల వంతు మీ కుక్క తింటున్నది."

పూలగుత్తులు పట్టుకొని నిలబడ్డోళ్ళు ముఖాలు తిప్పుకున్నరు. వరండాల నుంచి సాముయేలు డాక్టరు సంచి పట్టుకొని వచ్చిండు.

"కుక్కకేం లేదు సార్. మొన్న బిర్యాని ఎక్కువ తిన్నది. ఆ మాట నిన్ననే చెప్పిన. నేను పోతున్న."

"డాక్టర్, మీ ట్రాన్స్‌ఫర్ సంగతి యాదికున్నదా?" అన్నడు ధనరాజ్.

"మీ ఇష్టం సార్."

పాండు గేటు విడిచిపెట్టి, అంజిలయ్య కొట్టం దాక వాళ్ళ ఎనుకనే వచ్చిండు. బర్రెను పండబెట్టి తాడు పట్టిండు. డాక్టరు డొక్క గొరిగి, సూదిమందు ఇచ్చి, కోసి, మోచేతి దాక చెయ్యి పెట్టిండు. నైలాను దారం వచ్చింది. మెరుపు కాయితం, థర్మాకోల్ ముక్కలు, అన్నీ పెనవేసుకొని కుండంత ముద్ద. ఆఖరుకు ఎర్ర రిబ్బను. అంతమ్మ నీళ్ళు పోస్తె బంగారు అక్షరాలు బయటపడ్డయ్. 'నగర ప్రథమ పౌరులు ధనరాజ్ గారికి జన్మదిన శుభాకాంక్షలు.' పాండు కూడబలుక్కొని చదివిండు.

రెండు నెలల కింద, మేయరు పుట్టినరోజు తెల్లారి, ట్రాలీ నిండ దండలు వాగుల పారబోయనీకె పోతున్న పాండును ఆపి, ఆ దండలు బర్రెకని ఇంటికి తెచ్చింది అంజిలయ్యనే. చామంతులు తన చేన్లయే. పట్నంల అమ్మితే దండలై తిరిగి ఊరికే వచ్చినయ్. ఒకరి మెడల వేసిన పూలు తొక్కుట్ల పడొద్దు, పశువుకు పెట్టాలన్నది అంజిలయ్య ఇంటి అలవాటు. ఆయన తల్లి అరటినారతోని దండ కట్టేది. నార పశువు కడుపుల అరిగిపోతది. ఇప్పటి దండకు దారమేందో ఆయన చూడలె.

"ఈ చేతులతోనే పెట్టిన గదయ్యా," అన్నది అంతమ్మ.

"తెచ్చింది నేను."

డాక్టరు కుట్లు వేసుకుంట తల ఎత్తలె. "నిన్న కోసినా బతికేది."

"నిన్న గూడ వచ్చిన సారూ."

డాక్టరు చేతిల సూది ఆగింది. ఫారంహౌజు గోడ అవతల మైకుల ఎవరో, చెత్త అన్న మాటనే మరిపించిన మహనీయుడు అని సన్మాన పత్రం చదువుతున్నడు. చప్పట్లు మోగినయ్. బర్రె మెడ చాపింది. కడుపుల దుడ్డె రెండుసార్లు కదిలింది. డాక్టరు చెయ్యి పెట్టి చూసి, తీసినా నిలువదని తల అడ్డంగ ఊపిండు. జర సేపటికి బర్రె ఊపిరి, దుడ్డె కదలిక రెండూ ఆగినయ్.

మేయరు డ్రైవరు బిర్యాని పొట్లాలు పట్టుకొచ్చిండు. "సారు పంపిండు, అందరికి."

"మీ కుక్కకు పెట్టుండ్రి బిడ్డా," అన్నది అంతమ్మ. "మాకు పీనుగు పని ఉన్నది."

చేన్ల గుంట తవ్వి పూడ్చే వరకు పొద్దు వాలింది. డాక్టరు గూడ పార పట్టిండు. కాళ్ళు చేతులు కడుక్కొని నలుగురు వాకిట్ల కూసున్నరు. అంతమ్మ జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. పాండు తల వంచుకొని నమిలిండు. డాక్టరుకు ఆ కారం అలవాటు లేదు. కండ్లు తుడుచుకున్నడు గాని నీళ్ళు అడగలె. అంజిలయ్య తన గిలాస ఆయన దిక్కు జరిపి, మళ్ళ రొట్టె తుంచిండు.