విడి పళ్ళెం

"ఎలాగూ ఖాళీయే కదా, కాస్త దీన్ని కడిగి పెట్టీ," అన్నాడు మొగుడు పైడిబాబు మొదటిసారి.

కాంతమణి అప్పుడు బయట చేరి పెరటి గదిలో కూర్చుని ఉంది. ఆ మూడు రోజులూ వంటిల్లు తాకకూడదు, దేవుడి గది వైపు చూడకూడదు, మొగుడి ఉతికిన చొక్కా మడతపెట్టకూడదు. నల్లటి నూనె కారుతున్న ఆ అల్యూమినియం దిమ్మని మాత్రం భేషుగ్గా ముట్టుకోవచ్చు. దానికి మైల అంటదట మరి!

ఆటోమేటిక్ కార్ల గేరుబాక్సులో ఉండే వాల్వ్ బాడీ అది. డ్రైవరు గేరు మార్చకుండా బండి తనంతట తాను నడవాలంటే లోపల నూనె ఎటు పారాలో చెప్పేది అదే. విప్పితే అంతా వంకర కాలవలు, వాటిలో వేలెడేసి వాల్వులు, సన్నటి స్ప్రింగులు, మిరియాల్లాంటి గోళీలు. బోయిన్‌పల్లిలో పైడిబాబు మెకానిక్ షెడ్డంతా దుమ్ము. చిన్న నలుసు చాలు, వాల్వు ఇరుక్కుపోయి బండి గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. అందుకని ఇంటికి తెచ్చాడు. విప్పడం విప్పేశాడు గానీ ఏది ఎక్కడిదో మర్చిపోయాడు. కాంతమణి మర్చిపోలేదు. అతను విప్పుతుంటే చూసింది, అంతే. అత్తగారు అమ్మన్నమ్మ పెళ్ళైన నాటి నుంచీ బియ్యంలో రాళ్ళేరించిన చూపు ఊరికే పోలేదు. అప్పట్నుంచీ విప్పడం, కడగడం, బిగించడం అన్నీ ఆమే చేసేది; పైడిబాబుకి ఆ వరస పట్టుబడనే లేదు.

మైల రోజుల్లో తినడానికి ఆమెకి ఒక విడి పళ్ళెం ఉండేది. అది ఇంట్లో గిన్నెల్లో కలవకూడదు. ఆ పళ్ళెంలోనే వాల్వులన్నీ తీసిన వరసలో పేర్చుకునేది. కిరసనాయిలుతో కడిగి, గుడ్డ పెట్టి తుడవకుండా గాలికే ఆరబెట్టేది, దారప్పోగు మిగిలినా ముప్పే కాబట్టి. దిమ్మని ఒకవైపు వంచితే వాల్వు తన బరువుకి తానే జారాలి. జారకపోతే మళ్ళీ కడగడమే. అది మెత్తగా జారిన క్షణంలో కాంతమణికి కలిగే సంతోషం గురించి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

హైటెక్ సిటీ వైపు ఆఫీసులు మొలిచాయి, మొలిచిన ప్రతి ఆఫీసుకీ ఆటోమేటిక్ కార్లొచ్చాయి. పైడిబాబు పేరు మారుమోగింది. ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో కార్లు చూసుకునే జకర్యా ముందు వరండాలో టీ తాగుతూ, "పైడన్నా, నీ అసుంటి చెయ్యి జంటనగరాల్ల ఇంకోటి లేదు. బండి మక్ఖన్ లెక్క మెత్తగ పోతున్నది," అంటుంటే పెరటి గదిలోకి వినబడింది. "ఏదో, దేముడి దయ," అన్నాడు పైడిబాబు. సొమ్మొకడిది, సోకొకడిది. టీ పెట్టింది అత్తగారు కాబట్టి, ఆ రోజు కాంతమణి చేతి టీ కూడా కాదది.

నిరుడు ఉగాది తర్వాత ఆమెకి నెలసరి ఆగిపోయింది. అందరు ఆడవాళ్ళకీ వయసు గుర్తొచ్చి దిగులేస్తుందంటారు. కాంతమణికి మాత్రం గది పోతుందని భయమేసింది. బయట చేరని ఆడదానికి ఇంట్లో విడిగా కూర్చునే హక్కేముంది? పొయ్యి ముందు నుంచి లేచే పనే ఉండదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. వాల్వ్ బాడీ వచ్చినప్పుడల్లా బయట చేరాననేది. "నీకు ఈమధ్య నెల తిరక్కుండానే వచ్చీస్తందేటే," అని అత్తగారు గొణిగేది. కాంతమణి తల వంచుకుని విడి పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయేది.

బొల్లారంలో కొత్త షెడ్డు కట్టాడు పైడిబాబు. దసరా నాడు ఆయుధపూజ చేసి ప్రారంభం. అందులో దుమ్ము చొరబడని అద్దాల గది ఒకటి ఉంది. "అందులో నీకో బల్ల వేయిస్తాను," అని ఎప్పుడో మంచి మూడ్‌లో ఉండగా అన్నాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని కాంతమణి ఇన్నాళ్ళూ ఈదుకొచ్చింది. తన పని తన చేతులతో, నలుగురూ చూస్తుండగా, పగటి వెలుగులో. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

దసరాకి ముందే జకర్యా కంపెనీ కారొకటి వచ్చిపడింది. పూజ కాగానే కొత్త షెడ్డులో మొదటి డెలివరీ అదే కావాలి. కాంతమణి అలవాటు కొద్దీ బయట చేరానని చెప్పి గదిలో కూర్చుంది. పండగ సంగతి తట్టనే లేదు, పని ధ్యాసలో!

"మైల మనిషివి, పూజకెలా వస్తావు? అది బిగించి గుమ్మం పక్కన పెట్టీ. పసుపు నీళ్ళు జల్లి పట్టుకెళ్తాను," అన్నాడు పైడిబాబు.

తన గోతిలో తానే పడ్డట్టయింది. పండగ పొద్దున ఆఖరి బోల్టు బిగించి, తలంటుకుని, పట్టుచీర కట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడింది. నెలసరి ఆగిపోయి ఏడాది దాటిందని, ఇన్నాళ్ళూ పని కోసం అబద్ధమాడానని, తనూ షెడ్డుకి వస్తానని చెప్పేసింది.

పైడిబాబు నవ్వేశాడు.

"పోన్లే, మంచిదే అయింది. పండక్కి మాట్లాడిన వంటావిడ రానంది. షెడ్డు కాడికి పులిహోర నువ్వే కలిపీ. ఆ గది కూడా అద్దెకిచ్చీవచ్చు."

"మరి నా బల్ల?"

"అద్దాల గదిలో ఆడమనిషి కూసుంటే కస్టమర్లేటనుకుంటారు? వంటయ్యాక ఇంట్లోనే చేసుకోవచ్చు కదా. ఇప్పుడు నీకు మైల కూడా లేదు."

కాంతమణికి ఏడుపు రాలేదు. రానందుకు ఆమెకే భయమేసింది. గదిలోకి వెళ్ళి, బిగించిన బోల్టులన్నీ మళ్ళీ వదులు చేసింది. దేన్నీ పాడుచెయ్యలేదు. వాల్వులు, స్ప్రింగులు, గోళీలు అన్నీ శుభ్రంగా విడి పళ్ళెంలో సర్ది, దుమ్ము పడకుండా పల్చటి బట్ట కప్పింది. చేతులు సబ్బుతో కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి చింతపండు పిసకసాగింది.

ముహూర్తం దగ్గర పడింది. పెరటి గదిలోకి వెళ్ళిన పైడిబాబు పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ముందు వరండాలో జకర్యా ఎదురుచూస్తున్నాడు.

"ఏటే ఇది? విప్పేసి ఉందేటి?" గొంతు తగ్గించి అడిగాడు.

కాంతమణి తలెత్తలేదు.

"అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. మీ చేత్తో బిగించుకోండి. నాకు వంట పనుంది."